చట్టము దొరకు చోటు
(పాఠకుల ప్రశ్నలు - జవాబులు)

ప్రశ్న: మా తమ్ముడికి వీసా ఇంటర్వ్యూలో 221(జి) అని గుర్తుపెట్టిన కాగితం చేతికిచ్చారు. అసలు ఆ సెక్షన్‌లో ఏముందో చదువుదామని అమెరికా ఫెడరల్ కోడ్‌లో ఇమిగ్రేషన్‌కు సంబంధించిన టైటిల్ 8 తెరిస్తే, ఆ సంఖ్య దగ్గర ఈ విషయమే లేదు. వెయ్యి కలపాలని ఎవరో అంటే 1221 కూడా చూశాను. అక్కడ ఓడల్లో, విమానాల్లో వచ్చిపోయేవాళ్ల జాబితాల సంగతి ఉంది. పొరపాటు ఎక్కడ?
- ఒక పాఠకుడు, మాదాపూర్

జవాబు: మీరు తెరచిన గ్రంథము సరియైనదే; మీ చేతిలోని సంఖ్య వేఱొక గ్రంథమునకు చెందినది. అమెరికాలో కాంగ్రెసు చేసిన ప్రతి సార్వజనిక చట్టమును మొదట పబ్లిక్ లా సంఖ్యతో ప్రకటించి, పిదప కాలక్రమము ననుసరించి స్టాట్యూట్స్ ఎట్ లార్జ్ అను సంపుటములలో చేర్చి, తుదకు అందలి శాశ్వత నిబంధనలను విషయానుసారముగ విడదీసి, 1926లో తొలిసారి వెలువడిన యునైటెడ్ స్టేట్స్ కోడ్‌లో తగిన తావుల నుంతురు. మీ తమ్ముని కాగితముపైనున్న 221, అధ్యక్షుడు ట్రూమన్ వీటో చేసినను త్రోసిపుచ్చి 1952 జూన్ 27వ తేదీన కాంగ్రెసు నెగ్గించుకొన్న ఇమిగ్రేషన్ అండ్ నేషనాలిటీ యాక్టు యొక్క సొంత సంఖ్య. అదే నిబంధన టైటిల్ 8లో 1201వ సెక్షనుగ నున్నది. 101వది 1101 అయినది గాని, 212వది 1182 అయినది, 214వది 1184 అయినది. కావున వెయ్యి కలుపు సూత్రము ఒకచోట ఫలించి మఱొకచోట దారి తప్పించును. నమ్మదగిన గుర్తు వేఱొకటి కలదు: కోడ్‌లో ప్రతి సెక్షను ముగిసిన వెంటనే, అది ఏ తేదీనాటి ఏ చట్టమున ఎన్నవ సెక్షనుగ పుట్టినదో, తరువాత ఏయే చట్టములచే సవరింపబడినదో కుండలీకరణములలో వరుసగ వ్రాసియుండును. ఆ వరుసను చదువుట అలవడినవాడు ఒక సంఖ్యనుండి మఱొక సంఖ్యకు నిర్భయముగ నడువగలడు.

ఇక 1201(జి)లో నున్నదేమనగా, దరఖాస్తునుబట్టి గాని దానితో నిచ్చిన పత్రములనుబట్టి గాని అభ్యర్థి అర్హుడు కాడని తోచినను, దరఖాస్తు చట్టము కోరిన రీతిగ లేకున్నను, వీసా నొసగరాదని. పత్రములు కొఱతపడినపుడును, మఱికొంత పరిశీలన మిగిలియున్నపుడును ఈ నిబంధననే చూపుదురు. దీనిని 214(బి)తో కలిపి కలవరపడువారు మన హైటెక్ సిటీ హాస్టళ్లలో పెక్కుమంది. అది, అనగా 1184(బి), వేఱు: వీసా కోరు ప్రతివాడును వలసవచ్చువాడేయని యెంచి, కాదని రుజువు చేయు భారమును వానిపైననే మోపును, అయితే హెచ్-1బి, ఎల్ వర్గములవారిని ఆ వాక్యముననే కుండలీకరణములలో మినహాయించినది. వాట్సాప్ సందేశములలో కానరాని ఆ కుండలీకరణము కొఱకైనను మూలమును చదువుడని నేను పట్టుబట్టి చెప్పుదును.

ప్రశ్న: హెచ్-1బి ఆరేళ్లకు మించరాదని 1184(జి)(4)లో స్పష్టంగా ఉంది. మా బావగారు పదేళ్లుగా డాలస్‌లో అదే వీసాపై ఉన్నారు. గ్రీన్‌కార్డు వరుసలో ఉన్నవాళ్లకు పొడిగింపు ఉందంటారు. సెక్షనంతా వెదికినా కనబడదేం?
- ఒక పాఠకురాలు, కొండాపూర్

జవాబు: అమ్మా, సెక్షను ముగిసినచోట మీరు చదువుట మానితిరి, మీరు వెదకు వాక్యము దాని దిగువ నోట్ అను శీర్షిక క్రింద, చిన్న అక్షరములలో నున్నది. 2000 అక్టోబరు 17న అధ్యక్షుడు క్లింటన్ సంతకము చేసిన పబ్లిక్ లా 106-313 నందలి 104(సి), 106 సెక్షనులే ఆ పొడిగింపునకు ఆధారము. ఒక్కొక్క దేశమునకు నూటికి ఏడు చొప్పున 1152వ సెక్షను విధించిన పరిమితి మూలమున వరుసలో నిలిచిపోయినవారికి మొదటిదియు, లేబర్ సర్టిఫికేషను గాని పిటిషను గాని దాఖలై 365 దినములు గడచినవారికి రెండవదియు వర్తించును. నోట్‌లో నున్నంతమాత్రమున దాని బలము తఱుగదు. తావును నిర్ణయించినవారు కోడ్ సంపాదకులేగాని, వాక్యమును శాసించినది కాంగ్రెసే. పైగా టైటిల్ 8ను కాంగ్రెసు మొత్తముగ చట్టముగ ఆమోదింపలేదు గనుక, రెంటికి భేదము వచ్చినచో స్టాట్యూట్స్ ఎట్ లార్జ్ పాఠమే చెల్లును.

మీ బావగారి భార్యగా మీ అక్కగారికి వర్తించు హెచ్-4 ఉద్యోగానుమతిని మాత్రము కోడ్‌లో వెదకకుడు. 2015 మే 26నుండి అమలైన ఆ సదుపాయము చట్టము కాదు, ప్రభుత్వ శాఖ చేసిన నిబంధన. అది కోడ్ ఆఫ్ ఫెడరల్ రెగ్యులేషన్స్‌లో 214.2 క్రింద నున్నది. నిబంధనను మార్చుటకు కాంగ్రెసు వోటు అవసరములేదు. ఈ భేదమెఱిగి కుటుంబపు ఏర్పాట్లు చేసికొనుట మేలు.

ప్రశ్న: కంపెనీ పని కోసం కోఠీలో పాత బేర్ యాక్టు కొన్నాను. అందులో ఐటీ చట్టం 66ఎ అలాగే ఉంది. సుప్రీంకోర్టు కొట్టివేసింది కదా?
- ఒక ఉద్యోగి, గచ్చిబౌలి

జవాబు: కొట్టివేసిన మాట నిజము. మన కేంద్ర చట్టములను అమెరికావలె విషయములవారీగ ఒక్క కోడ్‌లో కూర్చు పద్ధతి లేదు; ప్రతి చట్టమును తన పేరుతో, సంవత్సరముతో, సంఖ్యతో ప్రత్యేకముగనే నిలుచును. 2000లో 21వదియైన ఐటీ చట్టము ఆ యేటి అక్టోబరు 17న అమలులోనికి వచ్చినది. 66ఎ 2009 అక్టోబరు 27నుండి దానిలో చేరినది. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో న్యాయస్థానము దానిని రద్దుచేసినది. కాని న్యాయస్థానపు తీర్పు చట్టపు పాఠమునుండి అక్షరములను చెఱపదు. పుస్తకములలో సెక్షను యథాతథముగ నిలిచి, రద్దైన సంగతి అడుగుననున్న సూచికకు పరిమితమగుటచే, దాని క్రింద కేసులు పెట్టుచునే యుండిరి. దాని క్రింద ఎవరినీ విచారింపరాదని 2022లో సుప్రీంకోర్టు మరల ఆదేశింపవలసివచ్చినది. అడుగున నున్న ఒక్క పంక్తిని చదువకుండుటచే మనుష్యులు నిందితులైరనుట నా మనస్సును నేటికిని కలచివేయును. 2023నాటి జన్ విశ్వాస్ చట్టముతోగాని పార్లమెంటు ఆ సెక్షనును తొలగింపలేదు. శాసన విభాగమువారి ఇండియా కోడ్‌లో నేటి పాఠమును చూచి, భారత గెజిట్ రెండవ భాగము మొదటి సెక్షనులో మూలమును సరిచూచుకొనుడు.

ప్రశ్న: 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం సైబరాబాద్‌కు ఇంకా వర్తిస్తుందా?
- ఒక హెచ్.ఆర్. ఉద్యోగిని, రాయదుర్గం

జవాబు: వర్తించును. 2014 పునర్విభజన చట్టము 100వ సెక్షను పాత చట్టములను కొనసాగించినది. 101వది రెండేండ్లలో అన్వయించుకొను అధికారమిచ్చినది. నేడది తెలంగాణ పేరుతో నున్నది. ఐటీ సంస్థలకిచ్చిన మినహాయింపులు మాత్రము చట్టమునగాక జీవోలలో, గడువుతో నుండును. జీవో తేదీని, గడువు ముగియు దినమును చూచినగాని రాత్రి షిఫ్టు పట్టికపై సంతకము చేయకుడు.