చేతి వణుకు, నిదానించిన నడక – పార్కిన్సన్ వ్యాధిని గూర్చి తెలుసుకుందాం



మా ఓ.పి.కి వచ్చే పెద్దవారిలో కొందరు "నరాల బలహీనత" అనే మాటతో వస్తారు. అప్పటికే నెలల తరబడి బలం ఇంజక్షన్లు, బి-కాంప్లెక్సు మాత్రలు వాడి ఉంటారు. మరికొందరు "వయసు మీద పడింది, ఇక ఇంతే" అని సరిపెట్టుకొని చాలా ఆలస్యంగా వస్తారు. వీరిలో కొంతమందికి ఉన్నది పార్కిన్సన్ వ్యాధి. మన పెద్దలు దీనినే వణుకుడు రోగం అనేవారు. ఆయుర్వేదంలో కంపవాతం అంటారు. దీనిని పూర్తిగా నయం చేసే మందు నేటికీ లేదు. కాని చాలా ఏళ్లు అదుపులో ఉంచే మందులు ఉన్నాయి. అందుచేత ఈ నెల పాఠంగా దీనిని తీసుకొన్నాము. ఇంట్లో అందరూ కూర్చుని చదువుకోండి.

ఈ వ్యాధి ఏమిటి?

1817లో జేమ్స్ పార్కిన్సన్ అనే లండను వైద్యుడు ఈ జబ్బును మొదటిసారి వివరంగా రాశాడు. ఆయన పేరే దీనికి నిలిచింది. మెదడు అడుగు భాగంలో నల్లని రంగుగల ఒక చిన్న ప్రాంతం ఉంది. అక్కడి కణాలు డోపమిన్ అనే పదార్థాన్ని తయారు చేస్తాయి. మన కదలికలు సాఫీగా సాగడానికి అది అవసరం. బండి ఇరుసుకు కందెన ఎలాంటిదో కదలికకు డోపమిన్ అలాంటిది. ఈ కణాలు కొద్దికొద్దిగా నశించినప్పుడు కందెన ఎండిన చక్రంలాగే శరీరం బిగుసుకొని, నిదానించి, వణుకుతుంది. లక్షణాలు బయటపడే నాటికే ఆ కణాలలో చాలా భాగం పోయి ఉంటాయి.

ఇది పక్షవాతం కాదు. పక్షవాతం ఒక్కసారిగా వచ్చి కాలు చెయ్యి పడిపోతుంది. ఇది మెల్లగా, ఏళ్ల మీద ముదురుతుంది. ఇది అంటువ్యాధి కూడా కాదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే మంచం మీద పడుకున్నా రాదు. ఎక్కువమందికి 60 ఏళ్లు దాటాక మొదలవుతుంది, కొందరికి 50 లోపే వస్తుంది. కొద్ది కుటుంబాలలో మాత్రమే వంశపారంపర్యంగా కనిపిస్తుంది. పొలాల్లో పురుగుమందులతో ఎక్కువకాలం పనిచేసిన వారికి ఈ ముప్పు కొంత ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. కాబట్టి మందు కొట్టే రైతు సోదరులు ముఖానికి, చేతులకు రక్షణ లేకుండా ఆ పని చేయవద్దు.

ఎలా గుర్తుపట్టాలి?

1. వణుకు: సాధారణంగా ఒక చేతితో మొదలవుతుంది. చెయ్యి ఒడిలో ఊరికే ఉన్నప్పుడు, వేళ్ల మధ్య మాత్ర ఉండ చుడుతున్నట్టు ఆడుతుంది. పని చేస్తున్నప్పుడు తగ్గుతుంది. గ్లాసు పట్టుకున్నప్పుడు మాత్రమే వణికితే అది వేరే జబ్బు కావచ్చు. థైరాయిడ్ వల్ల కూడా చేతులు వణకవచ్చు. ఈ వ్యాధి ఉన్నవారిలో కొందరికి వణుకు అసలు ఉండదు.

2. నిదానం: చొక్కా గుండీలు పెట్టుకోవడానికి, అన్నం కలుపుకోవడానికి ఎక్కువ సేపు పడుతుంది. చేతిరాత రానురాను చిన్నదవుతుంది. బ్యాంకులో సంతకం కలవడం లేదని వచ్చినవారూ ఉన్నారు.

3. బిగుతు: భుజం నొప్పి, మెడ నొప్పి అని మొదట కీళ్ల డాక్టరు దగ్గరకు వెళ్తారు.

4. నడక: ఒక చెయ్యి ఊగదు. అడుగులు చిన్నవవుతాయి. గడప దగ్గర, మలుపు దగ్గర కాళ్లు నేలకు అతుక్కున్నట్టు ఆగిపోతాయి. వ్యాధి ముదిరాక తూలి పడిపోతారు.

వీటికి ఎన్నో ఏళ్ల ముందే వాసన తెలియకపోవడం, మలబద్ధకం, నిద్రలో కేకలు వేసి కాళ్లు చేతులు విసరడం ఉండవచ్చు. ముఖంలో భావం తగ్గుతుంది, గొంతు సన్నబడుతుంది. ఇంటివారు "నాన్నగారికి మా మీద కోపం, మాట్లాడడం లేదు" అనుకుంటారు. అది కోపం కాదు, జబ్బు. దిగులు కూడా ఈ వ్యాధిలో భాగమే, దానికి వేరే చికిత్స ఉంది.

దీనిని నిర్ధారించడానికి ఒక్క రక్తపరీక్ష అంటూ లేదు. డాక్టరు చూసి, నడిపించి, వివరాలు అడిగి తేలుస్తారు. తల స్కాను మామూలుగా ఉన్నంత మాత్రాన జబ్బు లేదనుకోకూడదు.

వాడే మందుల వల్ల కూడా రావచ్చు

ఇది అందరూ గుర్తుంచుకోవలసిన సంగతి. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, తల తిరుగుడుకు ఇచ్చే సిన్నరిజిన్, ప్రోక్లోర్‌పెరజిన్, తలనొప్పికి ఇచ్చే ఫ్లునరిజిన్, మానసిక వ్యాధులకు ఇచ్చే హాలోపెరిడాల్ వంటివి ఎక్కువకాలం వాడితే అచ్చం ఇవే లక్షణాలు రావచ్చు. డాక్టరు ఆ మందును మార్చితే చాలామందికి నెమ్మదిగా తగ్గిపోతుంది. కాబట్టి వచ్చేటప్పుడు ఇంట్లో వాడే మందులన్నీ ఒక సంచిలో వేసుకొని తెచ్చి చూపించండి. పాత చీటీతో షాపులో తల తిరుగుడు మాత్రలు కొనుక్కొని ఏళ్ల తరబడి వేసుకోవద్దు.

మాత్రల విషయంలో జాగ్రత్తలు

ముఖ్యమైన మందు లెవోడోపా. ఇది మెదడులో డోపమిన్‌గా మారుతుంది. కార్బిడోపా కలిపి మాత్రగా ఇస్తారు.

– వేళ తప్పకూడదు. ఎనిమిదింటికి అంటే ఎనిమిదింటికే. సెల్‌ఫోనులో అలారం పెట్టుకోండి.
– భోజనానికి అరగంట ముందు, లేదా గంట తరువాత వేసుకోండి. పప్పు, గుడ్డు, మాంసం, పాలు ఈ మందును ఒంటికి సరిగా పట్టనివ్వవు. అవి మానకండి, మాత్రతో కలిపి మాత్రం తీసుకోకండి. ఐరన్ మాత్రకు, దీనికి మధ్య రెండు గంటలు ఎడం ఉంచండి.
– మొదట్లో వికారంగా ఉంటే డాక్టరుకు చెప్పండి. వాంతుల మందు సొంతంగా కొనవద్దు.
– పడక మీద నుండి ఒక్కసారిగా లేవవద్దు. బి.పి. పడిపోయి కళ్లు తిరగవచ్చు. కాసేపు కూర్చుని లేవండి.
– కొన్నేళ్ల తరువాత మాత్ర ప్రభావం ముందే తగ్గిపోవడం, ఒళ్లు మెలికలు తిరగడం కనిపించవచ్చు. ఏ గంటకు ఎలా ఉందో కాగితం మీద రాసి తెండి. మోతాదు సరిచేయవచ్చు.
– ప్రామిపెక్సాల్, రోపినిరోల్ వాడేవారిలో కొందరికి పేకాట, అనవసరపు కొనుగోళ్లు వంటి కోరికలు అదుపు తప్పుతాయి. సిగ్గుపడి దాచవద్దు. అది మందు ప్రభావం కావచ్చు.
– దూలగొండి గింజల్లో సహజంగానే లెవోడోపా ఉంది. మాత్రలతోపాటు ఆ పొడి వాడితే మోతాదు ఎక్కువవుతుంది. వాడుతుంటే తప్పక చెప్పండి.

మందులతో అదుపు తప్పినప్పుడు తగినవారికి మెదడులో సన్నని తీగలు అమర్చే ఆపరేషను ఉంది. హైదరాబాదు నిమ్స్ వంటి పెద్ద ఆసుపత్రులలో చేస్తారు. అది అందరికీ సరిపడదు, వ్యాధిని తీసివేయదు, లక్షణాలను తగ్గిస్తుంది.

ప్రార్థన, మాత్ర

ఒక మాట ప్రేమతో చెబుతున్నాము. స్వస్థత కూడికలో ప్రార్థన చేయించుకొన్నాక, లేదా ఉపవాస ప్రార్థన దినాలలో, కొందరు మాత్రలు మానేస్తున్నారు. లెవోడోపాను ఒక్కసారిగా ఆపితే ఒళ్లంతా కొయ్యలా బిగుసుకొని, తీవ్రమైన జ్వరం వచ్చి, ప్రాణానికే ముప్పు కావచ్చు. మాత్ర మానడం విశ్వాసానికి గురుతు కాదు, వేసుకోవడం అవిశ్వాసమూ కాదు. మేము ప్రతి ఉదయం వార్డులో ప్రార్థన చేసిన తరువాతనే మందులు పంచుతాము. రెండూ ఒకే దేవుని దయ అని నమ్ముతాము. ఉపవాసమున్న రోజున కూడా నీళ్లతో మాత్ర వేసుకోండి. ఈ జబ్బు శాపమనీ, దయ్యమనీ చెప్పి రోగిని కుంగదీయవద్దు. వేరే ఆపరేషను కోసం ఏ ఆసుపత్రిలో చేరినా పార్కిన్సన్ మాత్రల సంగతి ముందే చెప్పండి.

ఇంటి దగ్గర

వ్యాయామం మందుతో సమానం. రోజూ ఉదయం పెద్ద అడుగులు వేస్తూ, చేతులు కావాలని ఊపుతూ నడవండి. కాళ్లు ఆగిపోయే చోట నేలమీద అడ్డంగా సుద్దగీతలు గీసి, ఒక్కో గీత దాటుతూ నడిపించండి. "ఒకటి, రెండు" అని లెక్కపెట్టినా, తాళంగా ఒక పాట పాడినా అడుగు కదులుతుంది. వెనక నుండి నెట్టవద్దు, చెయ్యి పట్టి లాగవద్దు. బిగ్గరగా కీర్తనలు పాడడం, గ్రంథం పైకి చదవడం గొంతుకు మంచి సాధన.

స్నానాలగదిలో తడి ఉంచవద్దు. గోడకు పట్టుకొనే కడ్డీ పెట్టించండి. కింద కూర్చునే దొడ్డికి బదులు కుర్చీ కమోడ్ మంచిది. తడుక్కునే చాపలు, వైర్లు తీసివేయండి. రాత్రి చిన్న లైటు ఉంచండి.

నిటారుగా కూర్చోబెట్టి, చిన్న ముద్దలు పెట్టండి. తొందరపెట్టవద్దు. నీళ్లు తాగితే పొలమారుతుంటే, తిన్నాక దగ్గు వస్తుంటే మాకు చెప్పండి. మలబద్ధకానికి ఆకుకూరలు, జామపండు, సరిపడా నీళ్లు అవసరం.

సంఘానికి, చూసుకొనే వారికి

వణుకుతున్న చెయ్యి నలుగురు చూస్తారని చాలామంది ఆలయానికి రావడమే మానేస్తారు. వారిని బెంచీ చివర, నడవ పక్కన కూర్చోబెట్టండి. బల్ల ఆచరించే వేళ గిన్నె సగమే నింపి, మీ చెయ్యి కింద ఆనించండి. మాట కోసం కాసేపు ఆగండి, వారి మాట మీరు పూర్తి చేయవద్దు. 1996లో అట్లాంటా ఒలింపిక్స్ జ్యోతిని ముహమ్మద్ అలీ ఈ వ్యాధితో వణుకుతున్న చేతులతోనే లోకమంతటి ముందు వెలిగించాడు. మన సంఘంలోని పెద్దలు దాక్కోనక్కరలేదు.

రాత్రింబవళ్లు చూసుకొనేది చాలా ఇళ్లలో భార్యే, లేదా కోడలే. మోషే చేతులు బరువెక్కినప్పుడు అహరోను, హూరు ఇద్దరూ చెరొక ప్రక్కన ఆదుకొన్నారు, ఒక్కరి మీదే భారం పడలేదు. వారానికి ఒక పూట ఎవరో ఒకరు వెళ్లి రోగి దగ్గర కూర్చుంటే ఆ తల్లి నిద్రపోగలదు. స్త్రీల సమాజం వారు, యౌవనస్థులు దీనిని ఆలోచించండి.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ లక్షణాలు కనిపిస్తే ఆలస్యం చేయక తీసుకొని రండి. పాత చీటీలు, మందుల సంచి మరువవద్దు. దేవుడు మీ కుటుంబాలను కాపాడును గాక.