పూత వేళ తొర్రలూ చూడండి

మామిడి పూతకొచ్చే రోజులివి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా రైతు చూపంతా పూతగుత్తుల మీద, తేనెమంచు పురుగు మీదే ఉంటుంది. పనిలో పనిగా ముదురు చెట్ల తొర్రలు కూడా ఒకసారి చూడండి. పుప్పొడి మోసే ఈగల్లో కొన్ని అక్కడే పెరుగుతాయి.

సిర్ఫిడ్ ఈగ అనగానే పేనుబంకను తినే పిల్లపురుగు గుర్తొస్తుంది. అదే కుటుంబంలో కుళ్లులో పెరిగేవీ ఉన్నాయి. పేడనీళ్ల గుంట, కుళ్లిన ఆకులు, తొర్రలో నిలిచిన నల్లటి రొచ్చు వీటి నెలవులు. మామిడిలో పరాగ సంపర్కం చాలావరకు ఈగల చలవే.

ఎండ కాస్త ఎక్కాక పూత దగ్గర నిలబడండి. గాలిలో ఒకేచోట ఆగి, చటుక్కున పక్కకు జరిగి, మళ్లీ ఆగేది సిర్ఫిడ్. చూడ్డానికి తేనెటీగలా ఉన్నా రెక్కలు రెండే, మీసాలు పొట్టి, కాళ్లకు పుప్పొడి ముద్దలుండవు. కుట్టదు కూడా. ఎరిస్టాలినస్ జాతి ఈగలకైతే కళ్ల మీదే చుక్కలో చారలో కనిపిస్తాయి.

ఇక తొర్రలోకి టార్చి వేసి పుల్లతో రొచ్చును మెల్లగా కదపండి. మాసిన తెలుపు రంగు సిర్ఫిడ్ పిల్లపురుగు, వెనక సన్నటి తోక కనబడవచ్చు. నిజానికి అది ఊపిరి గొట్టం. రొచ్చు లోతును బట్టి సాగుతుంది, పురుగు ఒంటికి ఎన్నో రెట్లు పొడవవుతుంది. ఈ పురుగు పచ్చి కలప జోలికి పోదు, కుళ్లులోని సూక్ష్మజీవులను వడకట్టుకు తింటుంది. పురుగు కనపడితే చాలు మందు డబ్బా తీసే అలవాటు మనది. ఇక్కడ ఆ ఖర్చు దండగ.

కాండం తొలిచే పురుగు సంగతి వేరు. కాండం మీద రంధ్రం, దాని కింద రంపపు పొట్టు రాలి ఉంటే వదలొద్దు. తీగతో లోపలి పురుగును లాగేసి, పెట్రోలులో తడిపిన దూది కుక్కి బంకమట్టితో మూయండి. కొమ్మలు కోసిన పచ్చి గాయాలకు బోర్డో పేస్టు పూయాలి. 1 కిలో మైలుతుత్తం, 1 కిలో సున్నం, 10 లీటర్ల నీళ్లు కలిపితే చాలు. ఈగల కోసమని చెట్టుకు గాయం మిగల్చమని ఎవరూ చెప్పరు.

తేనెమంచు పురుగుకు మందు పూమొగ్గ దశలోనే కొట్టండి. పూలు విచ్చాక ఆపేయండి. అప్పుడూ తప్పదనుకుంటే, ఈగల సందడి తగ్గిన సాయంత్రం వేళ కొట్టండి.

గట్టు మీది పాత చెట్టు తొర్రను సిమెంటుతో పూడ్చకుండా వదిలేయవచ్చు, చెట్టు విరిగిపడే స్థితిలో లేకపోతేనే సుమా. ఇంటి పక్క చెట్టయితే వదలొద్దు. తొర్రలో నిలిచిన నీళ్లలో డెంగీని మోసే ఏడిస్ దోమలూ గుడ్లు పెడతాయి. అలాంటి తొర్రను వానలకు ముందే ఇసుకతో నింపేయండి.