విండోస్‌లో వీటీవై బిల్డ్ కావాలంటే... చిట్కాలు

హాస్కెల్‌లో టెర్మినల్ మీద మెనూలు, రంగులు, పట్టికలు గీయాలంటే ఎక్కువమంది వాడేది వీటీవై లైబ్రరీనే. టెర్మినల్ ఇంటర్‌ఫేస్‌ల లైబ్రరీ బ్రిక్ నిలబడిందీ దాని మీదే. చాలాకాలం అది యూనిక్స్ కుటుంబానికే పరిమితం. పాత ప్రాజెక్టు ఒకటి చేతికొచ్చి విండోస్ మెషీన్‌లో మొదటి మెట్టు దగ్గరే మొరాయిస్తుంటే ఇవి చూడండి.

1. మీకంటే ముందే ఎవరైనా ఆ పని చేసేశారేమో కనుక్కోండి. 2023లో 6.0 వెర్షన్‌తో వీటీవైని విడదీశారు. ఓఎస్‌తో సంబంధం లేని భాగం ప్రధాన లైబ్రరీలో ఉండిపోయింది, మిగతాది వీటీవై-యూనిక్స్ ప్యాకేజీలోకి వెళ్లింది. ఆ తర్వాత వీటీవై-విండోస్ కూడా వచ్చింది. ఏది కావాలో వీటీవై-క్రాస్‌ప్లాట్‌ఫామ్ చూసుకుంటుంది. పాత కోడ్‌లో మేక్-వీటీవై ఫంక్షన్‌ను ఈ కొత్త ప్యాకేజీ నుంచి ఇంపోర్ట్ చేసుకుంటే చాలాసార్లు కథ ఇక్కడితోనే ముగుస్తుంది.

2. వెర్షన్ 5 వదలలేని పరిస్థితా? డబ్ల్యూఎస్ఎల్‌లో బిల్డ్ చేయండి. లోపలున్నది లినక్సే కాబట్టి పేచీ పెట్టదు. కాకపోతే తయారయ్యేది లినక్స్ ప్రోగ్రాం, ఈఎక్స్ఈ ఫైలు అడిగినవాళ్లకు పనికిరాదు.

3. ఆ రెండూ కుదరకపోతే మార్పు మీరే చేయాలి. ముందు ఎర్రర్‌ను కింది నుంచి కాదు, పై నుంచి చదవండి. కేబల్ బిల్డ్‌కు డ్రై-రన్ ఆప్షన్ ఇస్తే ఏ ప్యాకేజీ దగ్గర చిక్కుందో కంపైల్ మొదలవకముందే తెలుస్తుంది. సాధారణంగా దొరికేవి రెండే: యూనిక్స్, టెర్మ్‌ఇన్ఫో. టెర్మ్‌ఇన్ఫోకు ఎన్‌కర్సెస్ కావాలి. ఎంసిస్2లో దాన్ని తెచ్చిపెట్టి బుజ్జగించాలని చూస్తారు కొందరు. దండగ. యూనిక్స్ ప్యాకేజీ అయితే, విండోస్‌లో బిల్డ్ చేయొద్దని తన కేబల్ ఫైల్‌లోనే రాసుకుంది మరి!

4. లైబ్రరీ మొత్తం తిరగరాయకండి. బొమ్మను పేర్చడం, రంగుల లెక్క, మారిన గడులనే మళ్లీ గీయడం... ఇదంతా ఏ ఓఎస్‌లోనైనా నడిచే హాస్కెల్ కోడే. కీబోర్డు చదవడం, రా మోడ్, విండో సైజు: ముఖ్యంగా ఈ మూడే ఓఎస్‌ను అడుగుతాయి. ఊరు మారితే గ్యాస్ కనెక్షన్ మార్చుకుంటాం గానీ వంట మార్చం కదా. ఆ మూడింటినీ వేరే మాడ్యూల్‌లో పెట్టండి.

5. కేబల్ ఫైల్‌లో షరతు 'ఓఎస్ విండోస్' అని రాస్తాం, సోర్స్‌లో మాత్రం 'మింగ్‌డబ్ల్యూ32 హోస్ట్ ఓఎస్' అనే మాక్రో వాడాలి. మెషీన్ 64 బిట్ అయినా పేరులో 32 అలాగే ఉంటుంది. అది చూసి 64గా సరిదిద్దారో, ఎర్రర్ కూడా రాదు. మీ విండోస్ కోడ్ చడీచప్పుడు లేకుండా పక్కకు తప్పుకుంటుంది.

6. రంగులకు బదులు బాణం గుర్తు, చదరపు బ్రాకెట్టు, 31 లాంటి అంకెలు స్క్రీన్ మీద పడుతున్నాయంటే కన్సోల్ మోడ్ మార్చలేదని అర్థం. అవుట్‌పుట్ హ్యాండిల్‌కు వర్చువల్ టెర్మినల్ ఫ్లాగ్ (విలువ 4) కలపాలి. ఇన్‌పుట్ వైపు ఆ ఫ్లాగ్ విలువ 512. అక్కడే లైన్ మోడ్‌నూ ఎకోనూ తీసేయాలి, రా మోడ్‌లో ముఖ్యభాగం ఇదే. పాత మోడ్‌ను ముందే దాచుకుని బ్రాకెట్ ఫంక్షన్‌తో తిరిగి పెట్టించండి. లేకపోతే ప్రోగ్రాం మధ్యలో కూలినప్పుడు టైపు చేసిన అక్షరాలు కనబడకపోవచ్చు.

7. విండో సైజు మారిందని చెప్పే సిగ్నల్ విండోస్‌లో లేదు. ఆ కబురు కీల ఈవెంట్లతో కలిసి కన్సోల్ ఇన్‌పుట్ క్యూలోనే వస్తుంది.

8. గిట్ బ్యాష్ విండోలో పరీక్షించి లైబ్రరీని తిట్టుకోకండి. చాలా సెటప్‌లలో అక్కడ స్టాండర్డ్ ఇన్‌పుట్ అసలు కన్సోలే కాదు, పైపు. విండోస్ టెర్మినల్‌లో నడిపి చూడండి.

9. ఫోల్డర్ పేరు పొట్టిగా, ఖాళీలు లేకుండా ఉంచండి. 260 అక్షరాల పాత్ పరిమితి ఇప్పటికీ కొన్ని టూల్స్‌ను పట్టి పీడిస్తోంది.

10. చివరగా తెలుగు మాటలతో పరీక్షించండి. కోడ్ పేజీ 65001 పెట్టాక అక్షరాలు వస్తాయి, తర్వాత గడుల లెక్క మొదలవుతుంది. 'కి'లోనూ 'కు'లోనూ ఉన్నవి రెండేసి కోడ్ పాయింట్లే. కానీ యూనికోడ్‌లో గుడి చోటు తీసుకోని గుర్తు, కొమ్ము చోటు తీసుకునే గుర్తు. అందుకే అక్షరాల వెడల్పు చెప్పే పట్టికలు చాలావరకు 'కి'కి ఒక గడి, 'కు'కి రెండు గడులు ఇస్తాయి. టెర్మినల్ ఒక లెక్క, లైబ్రరీ ఇంకో లెక్క వేస్తే పట్టిక కుడి అంచు గీత వరుస వరుసకూ పక్కకు జరుగుతుంది. ఇంగ్లిష్ మాటలతో ఎంత పరీక్షించినా ఇది బయటపడదు.