ట్రాక్టరు ఇంజనులో ఆయిలు కారుట - నివారణ

భద్రాచలము, దుమ్ముగూడెము, చర్ల ప్రాంతములలో అడవి అంచున నున్న గ్రామములకు పంచాయతీ ట్రాక్టరు పెద్ద ఆధారము. 2019లో ఆరంభమైన పల్లె ప్రగతి కార్యక్రమములో తెలంగాణ గ్రామ పంచాయతీలు ట్రాక్టరు, ట్రాలీ, నీళ్ల ట్యాంకరులను సమకూర్చుకొన్నవి. చెత్త తరలించుట, మొక్కలకు నీరు పోయుట వాని నిత్యకృత్యములు. 2022 జూలైలో భద్రాచలము వద్ద గోదావరి 71 అడుగులు దాటినది. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే. అట్టి దినమున లోతట్టు ఇండ్లవారిని మెట్టకు చేర్చవలసిన బండి కదలకున్నచో కలుగు నష్టము డబ్బుతో లెక్కకు రాదు. కావున ఇంజను క్రింద పడు నాలుగు నల్లని చుక్కలను సభ్యులు చిన్న విషయముగా నెంచరాదు.

సీలు అనగా నేమి?

ఇంజనులో తిరుగు ఇరుసు బయటికి వచ్చుచోట ఆయిలును అడ్డగించు రబ్బరు వలయమే ఆయిలు సీలు. దాని లోపలి పలుచని పెదవిని సన్నని స్ప్రింగు ఇరుసుపై అదిమి పట్టును. ఏండ్ల తరబడి వేడి సోకగా రబ్బరు గట్టిపడి బీటలు వారును. దుమ్ము, వాగుల బురదనీటిలోని ఇసుక ఆ పెదవిని అరగదీయును. ఇరుసుపై గాడి పడును.

కారుచోటును కనిపెట్టుట

ఇంజను చల్లారిన పిదప మడ్డిని డీజిలుతో తుడిచి ఆరబెట్టవలెను. క్రింద అట్టముక్క పరచి, పదిహేను నిమిషములు ఇంజనును నడిపి, ఆపిన పిదప పరీక్షింపవలెను. ఆయిలు క్రిందికి జారును. ఫ్యాను గాలికి వెనుకకు చెదరును. కాబట్టి అన్నిటికంటె పైన, ముందుగా తడిసిన చోటే మూలము. ముందు పుల్లీ వెనుక తడి యున్నచో ముందు సీలును, ఇంజను, గేరుపెట్టె కలియుచోట అడుగున చుక్కలు పడుచున్నచో వెనుక సీలును శంకింపవలెను. వెనుక సీలు నుండి ఆయిలు క్లచ్చి పలకలకు సోకినచో క్లచ్చి జారును. బండి బరువు లాగదు. పై మూత అంచున తడి యున్నచో దోషము సీలుది కాదు, ప్యాకింగుది.

మరమ్మతు

సీలు మార్చుటకు ముందు రెండు సంగతులు చూడవలెను. ఆయిలు కొలకడ్డీపై పై గీతను దాటి యున్నదా? ఇంజను లోపలి ఆవిరి వెడలు బ్రీదరు గొట్టము మడ్డితో పూడినదా? లోని ఒత్తిడికి దారి లేనిచో క్రొత్త సీలును కారును.

సరియైన కొలత సీలునే కొనవలెను. పెదవి ఆయిలు వైపునకు తిరిగి యుండవలెను. తయారీదారు వేరుగా చెప్పనిచో పెదవికి ఆయిలు రాసి, చుట్టును సమముగా అదిమి కూర్చుండబెట్టవలెను. ఒక ప్రక్కనే సుత్తితో కొట్టరాదు. ఇరుసుపై గోటికి తగులునంత గాడి యున్నచో సన్నని ఉక్కుతొడుగు వేయింపవలెను. వెనుక సీలుకై ట్రాక్టరును నడిమికి విడదీయవలసి యుండును గనుక, అదే పనిలో క్లచ్చి పలకలను కూడ చూపించినచో కూలి కలిసివచ్చును.

పంచాయతీ కర్తవ్యము

డ్రైవరు ప్రతి ఉదయము సమమైన నేలపై బండి నిలిపి, ఆయిలు కొలిచి పుస్తకమున వ్రాయవలెను. ఎన్ని గంటల పనికి ఎంత ఆయిలు పోసినదీ సభ్యులు నెలనెలా చూచినచో దోషము మొదటనే బయటపడును. కారుచున్న ఇంజనులో ఆయిలు పోయుచు కాలము గడుపుట చికిత్స కాదు. హెచ్చరిక దీపము వెలిగిన తక్షణమే ఇంజనును ఆపవలెను. తీసిన పాత ఆయిలును వాగులోగాని, బావి చెంతగాని పారబోయక, డబ్బాలో మూసి అనుమతి గల సేకరణదారులకు ఇవ్వవలెను.

సీలు వెల స్వల్పము. ఆయిలు లేక బిగిసిపోయిన ఇంజను పంచాయతీ నిధికి పెనుభారము.