అసాధ్య వ్యాధులలో విజయ (గంజాయి): ఆసుపత్రిలో దాని స్థానము

ఆయుర్వేదము వ్యాధులను సుఖసాధ్యము, కృచ్ఛ్రసాధ్యము, యాప్యము, ప్రత్యాఖ్యేయము అని నాలుగు విధములుగా విభజించినది. చివరి తెగకు చెందిన వ్యాధి నయము కాదు. అయినను ఆ రోగికి నొప్పి, వాంతి, అరుచి, నిద్రలేమి తప్పవు. వానిని తగ్గించుట కూడ వైద్యమే. ఇట్టి రోగికి ఆసుపత్రిలో గంజాయిని ఔషధముగా వాడనీయవచ్చునా అను ప్రశ్న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున చట్టసభ వరకు వెళ్ళినది. ఆ చట్టమును మన శాస్త్ర నియమముల ప్రక్కన ఉంచి చూచినచో ఒక ముఖ్య విషయము బోధపడును. ద్రవ్యము తనంత తాను ఔషధము కాదు. రూపము, మాత్ర, పర్యవేక్షణ కుదిరినప్పుడే అది ఔషధమగును.

శాస్త్రములో విజయ

16వ శతాబ్దికి చెందిన భావప్రకాశములో ఈ మొక్క విజయ, భంగ, మాదిని మున్నగు పేర్లతో వర్ణింపబడినది. ఇది చేదు రుచి, ఉష్ణ వీర్యము, లఘు తీక్ష్ణ గుణములు కలది. కఫమును హరించును, ఆకలిని పెంచును, మలమును కట్టును. పిత్తమును వృద్ధి చేయును. మోహమును, మదమును కలిగించునని కూడ ఆ గ్రంథమే చెప్పినది. గుణముతో పాటు దోషమును చెప్పుట మన శాస్త్ర పద్ధతి.

కనుకనే దీనిని శోధన చేయక వాడరాదు. ఆకును నీటితో కడిగి ఆరబెట్టి నేతిలో వేయించుట, ఆవుపాలలో స్వేదనము చేయుట మొదలగునవి శోధన విధులు. భారత ప్రభుత్వ ఔషధ నియమావళి కూడ విత్తనములు మినహా భంగను ఆయుర్వేద విషద్రవ్యముల పట్టికలో చేర్చినది. తగిన యుక్తితో వాడినచో తీక్ష్ణ విషము సైతము మేలైన ఔషధమగునని, యుక్తి తప్పినచో మంచి ఔషధము సైతము విషమగునని చరక సంహిత బోధించుచున్నది.

ఆధునిక పరిశోధన

కలకత్తా వైద్య కళాశాలలో ఆచార్యుడైన విలియం ఓషానెస్సీ 1839లో ఈ మొక్కపై తన అనుభవములను ప్రకటించెను. కుక్క కాటు వలన జలభీతి సోకిన ఒక రోగికి ఆయన దీని బంకను ఇచ్చెను. రోగి బ్రతుకలేదు. కాని బాధ తగ్గి, కొంత ఆహారము, ద్రవము తీసికొనగలిగెను. నయము చేయలేని చోట ఉపశమనము కలిగించుట అనగా ఇదియే.

ఇందలి మత్తు కలిగించు టి.హెచ్.సి. అను పదార్థమును 1964లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు శుద్ధరూపమున వేరుచేసిరి. అది పనిచేయు గ్రాహకములు మెదడులో కలవని 1988లో తెలిసినది. ఆ గ్రాహకములపై పనిచేయు ఒక పదార్థము మన శరీరములోనే తయారగుచున్నదని 1992లో కనుగొనబడెను. దానికి సంస్కృతములోని 'ఆనంద' శబ్దముతో 'ఆనందమైడ్' అని పేరిడిరి. శ్వాసను నడుపు మెదడు భాగములో ఈ గ్రాహకములు చాల తక్కువ. అందువలన మార్ఫిన్ అధికమైనప్పుడు వలె దీని వలన పెద్దలలో శ్వాస మందగించుట అరుదు.

క్యాన్సర్ మందుల వలన కలుగు వాంతులకు కృత్రిమ టి.హెచ్.సి. అయిన డ్రోనాబినాల్ 1985లో అమెరికాలో అనుమతి పొందినది. అయితే ముదిరిన క్యాన్సర్ నొప్పి విషయములో పరీక్షల ఫలితములు అంత ఆశాజనకముగా లేవు. ఆస్ట్రేలియాలో జరిగిన ఒక పరీక్షలో, ఉపశమన చికిత్స పొందుచున్న క్యాన్సర్ రోగులకు సి.బి.డి. తైలము అదనపు మేలు చేయలేదు. కనుక ఇది సర్వరోగనివారిణి అను ప్రచారమును నమ్మరాదు.

కాలిఫోర్నియా చట్టము

ర్యాన్ బార్టెల్ అను యువకుడు క్లోమ క్యాన్సర్‌తో ఆసుపత్రిలో చేరెను. మార్ఫిన్, ఫెంటానిల్ వంటి మందుల మత్తులో ఆతడు అధిక కాలము నిద్రలోనే ఉండెడివాడు. గంజాయిని అనుమతించిన మరియొక ఆసుపత్రికి మార్చిన పిదప మెలకువగా ఉండి కుటుంబముతో మాటలాడగలిగెను. 2018లో మరణించెను. ఆతని తండ్రి కృషి వలన వచ్చిన మొదటి బిల్లును 2019లో గవర్నరు తిరస్కరించెను. కేంద్ర చట్టము గంజాయిని నిషేధించినందున ఆసుపత్రులకు కేంద్ర నిధులు ఆగిపోవునన్నది ఆనాటి శంక. 2021లో ఆమోదము పొందిన 'ర్యాన్ చట్టము' 2022 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది.

ఆ చట్టములోని నియమములు గమనింపదగినవి:

1. ఏడాదికి మించి బ్రతుకడని నిర్ణయింపబడిన రోగికి ఇది వర్తించును. 2023లో చేసిన మరియొక చట్టము దీనిని దీర్ఘవ్యాధులున్న 65 ఏండ్లు పైబడిన వారికి విస్తరించినది.
2. పొగ త్రాగుట, ఆవిరి పీల్చుట నిషేధము.
3. వైద్యుని సిఫారసు లేక గుర్తింపు పత్రము ఉండవలెను.
4. సరుకు తాళము వేసిన పెట్టెలో ఉంచవలెను.
5. అత్యవసర చికిత్స పొందుచున్న వారికి ఇది వర్తించదు.

వీనిలో ప్రతి నియమమునకు కారణము కలదు. పొగ ప్రక్క పడకలోని రోగికి, ప్రాణవాయువు గొట్టములకు ప్రమాదము. తాళము వలన మందు ఇతరుల చేతికి చిక్కదు. శోధన, మాత్ర, అనుపానము అని మన పూర్వులు విధించిన కట్టుబాట్లకును ఇదియే ఆశయము.

మన పాఠకులకు సూచన

మన దేశమున 1985 నాటి మత్తుమందుల చట్టము ప్రకారము గంజాయి (పూసిన కొనలు), చరస్ కలిగియుండుట నేరము. విడి ఆకు ఆ నిర్వచనములోనికి రాదు. దానిపై రాష్ట్రముల నియమములు వర్తించును. కనుక జబ్బుతో బాధపడు తండ్రికో, తల్లికో ఎవరో తెచ్చిన గంజాయిని ఇచ్చుట చట్టవిరుద్ధము. అందులో కల్తీ ఎంతయో తెలియదు. తినిపించినచో ఒకటి రెండు గంటల వరకు గుణము కనిపించక పోవచ్చును. పనిచేయలేదని మరల ఇచ్చుట వలన వృద్ధులకు తల తిరుగుట, గుండెదడ, మతిభ్రమ కలుగును. రక్తము పలుచన చేయు మందులు వాడువారికి మరింత జాగ్రత్త అవసరము.

వైద్యుడు వ్రాసిన మార్ఫిన్‌ను భయపడి మానరాదు. 2014లో చేసిన చట్ట సవరణ రోగులకు మార్ఫిన్ లభించు మార్గమును సుగమము చేసినది. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన చికిత్సా విభాగము కలదు. మత్తు ఎక్కువై రోగి మాటలాడలేకున్నచో ఆ సంగతిని వైద్యునికి స్పష్టముగా చెప్పవలెను. మోతాదు మార్చుటకు, వేరొక మందు ఇచ్చుటకు వీలు కలదు. ఆయుర్వేద ఔషధము వాడదలచినచో అర్హుడైన వైద్యుని సలహాతో, చికిత్స చేయుచున్న ఆసుపత్రి వైద్యునికి తెలిపియే వాడవలెను.

అంత్యదశలో రోగి కోరునది రెండు: బాధ తగ్గవలెను, తన వారిని గుర్తించు తెలివి నిలువవలెను. ఏ మందు ఇచ్చినను ఈ రెంటిని కొలతగా పెట్టుకొని ఇచ్చుటయే యుక్తి.