ఒక గ్రంథము – పెక్కు నామములు

ఆంధ్రశబ్దచింతామణికి ప్రాచీన వ్యాఖ్యలే లేవని వ్రాసిన సిద్ధాంతవ్యాసమొకటి నా పరిశీలనకు వచ్చినది. శోధకుడు అకారాది సూచికలో ఆ ఒక్క పేరే వెదకినాడు. ఆ గ్రంథమునకే నన్నయభట్టీయమని వ్యవహారము కలదు. ఎలకూచి బాలసరస్వతి తెలుగు టీక బాలసరస్వతీయము. అహోబలపతి సంస్కృతవ్యాఖ్య అహోబలపండితీయముగాను, కవిశిరోభూషణముగాను ప్రసిద్ధము. సూచికలో ఇవన్నియు వేర్వేరు తావుల నుండును.

పైగా సూత్రములు సంస్కృతము, వ్యాకృతమైన భాష తెలుగు. కనుక వ్రాతప్రతుల వివరణపట్టికలను ఉభయభాషలలోను చూడక తప్పదు. సంస్కృతమునకు ఆఫ్రెక్టు పట్టిక (1891, 1896, 1903) ఒక్కటే చాలదు. మద్రాసు విశ్వవిద్యాలయము 1949 నుండి వెలువరించిన న్యూ కెటలాగస్ కెటలాగోరమ్ సంపుటములను గూడ పరామర్శింపవలెను. ఏ పేరుతో ఏ పట్టిక చూచినదియు పూర్వపరిశోధన ప్రకరణముననే తెలుపవలెను.

ఈ మాటలే అంచున వ్రాసి వ్యాసమును త్రిప్పి పంపితిని. మరల వచ్చిన ప్రతిలో ఆ వాక్యము లేదు. దాని స్థానమున ఒక క్రొత్త ప్రకరణము కలదు.