ప్రశ్నలు - జవాబులు: పిల్లల వేషాలు, తల్లుల తిప్పలు

ప్ర: మాది వేదాద్రి. మా బాబు జగ్గయ్యపేటలో ఒకటో తరగతి చదువుతున్నాడు. నవంబరు 13 రాత్రి ఎనిమిదిన్నరకి స్కూల్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. మర్నాడు బాలల దినోత్సవానికి పిల్లలంతా ఏదో ఒక వేషంలో రావాలట. పగలంతా పత్తి తీసి ఇంటికొచ్చిన దాన్ని. అద్దె డ్రస్సు ఐదొందలన్నారు, అవీ అప్పటికే అయిపోయాయన్నారు. నా పెళ్లి పట్టుచీర అంచు కోసి, అట్టతో కిరీటం చేసి, రాత్రి రెండింటి దాకా కూర్చుని కృష్ణుడి డ్రస్సు కుట్టాను. పొద్దున్నే వాడు చూసి "ఇది బాలేదు, నేనెయ్యను" అని కింద పడి దొర్లాడు. చెయ్యి చేసుకున్నాను. ఏడుపు మొహంతోనే ఆటో ఎక్కించాను. ఆ పొద్దు గుర్తొస్తే ఇప్పటికీ ముద్ద దిగడం లేదు. మళ్లీ జనవరి 26కి కూడా ఉందట. ఏం చెయ్యమంటారు?
— ఒక తల్లి, వేదాద్రి

జ: ముందు అన్నం తిను తల్లీ. కొట్టడం తప్పే, ఆ మాట వాడికి చెప్పు. "ఆ రోజు నిన్ను కొట్టాను, తప్పు నాన్నా" అని అమ్మ అంటే ఆరేళ్ల పిల్లాడికి అర్థమవుతుంది. ఆ తర్వాత దాన్ని నెత్తిన పెట్టుకుని తిరగకు. రాత్రి ఎనిమిదిన్నరకి కబురు పెట్టి తెల్లారేసరికి వేషం కావాలన్న వాళ్ల దగ్గర మొదలైన తప్పు అది. నీ ఇంటికొచ్చేసరికి దెబ్బగా మారింది. పత్తి తీతల రోజుల్లో ఈ ఊళ్లలో ఆడవాళ్లు ఏ వేళకి ఇల్లు చేరతారో, చేరాక ఒంట్లో ఎంత ఓపిక మిగులుతుందో ఆ బడివాళ్లకు తెలియదా? తెలుసు. అయినా పంపారు.

ఇక నీకు చెప్పాల్సింది ఒకటుంది. వాడు నిద్రపోతుంటే నువ్వు వేషం కుట్టావు. ఆ కిరీటం వాడి కళ్ల ముందు తయారవలేదు, దానికి వాడు ఒక్క చమ్కీ కూడా అంటించలేదు. పొద్దున లేచేసరికి ఎవరిదో బట్ట తెచ్చి తొడుగుతున్నట్టే ఉంటుంది. అట్టకి మైదా జిగురు పూసింది వాడే అయితే, ఆ కిరీటం ఓ పక్కకి వంకరగా ఉన్నా ఊరంతా తిప్పి చూపించేవాడు. ఎన్నో ఇళ్లలో చూసి చెబుతున్నాను. పిల్లల వేషంలో పెద్దల పని సగానికి మించకూడదు. కత్తెర పట్టేది, సూది పట్టేది నువ్వు. రంగు ఎంచుకునేది, అంటించేది, ఎవరి వేషమో తేల్చేది వాడు.

రెండోది డబ్బు సంగతి. వేషానికి డబ్బు కావాలని మనకు ఎవరు నేర్పారో తెలియదు. మన ఉమ్మడి కృష్ణా జిల్లా ఊళ్లలో పగటివేషగాళ్లు తిరిగిన రోజులు మీ అమ్మనడిగితే చెబుతుంది. బుడబుక్కలవాడు, ఎరుకలసాని, సోమయాజులు-సోమిదేవమ్మ, పఠాను, చివరి రోజున శక్తి వేషం. వాటిలో అర్ధనారీశ్వర వేషం చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒకే మనిషి ఒంటికి సగం శివుడి అలంకారం, సగం పార్వతి అలంకారం. చేతిలో ఒక తెర ఉంటుంది. ఆ తెర ఇటు జరిపితే శివుడు గర్జించేవాడు, అటు జరిపితే అమ్మవారు మాట్లాడేది. ఉన్నది ఒక గుడ్డ, ఒక గొంతు. ఆ గొంతుకే జనం మూగేవాళ్లు, చాటల్తో బియ్యం పోసేవాళ్లు. ఇవాళ మన బళ్లలో పిల్లాడికి వెయ్యి రూపాయల బట్ట తొడిగి వేదికెక్కిస్తున్నాం. వాడు పిన్నీసులు గుచ్చుకుంటుంటే నోరు తెరవకుండా నిలబడి, ఫోటో తీయించుకుని దిగిపోతున్నాడు. దీన్ని నేను వేషం అనను.

జనవరి 26కి నీ ఇంట్లో ఉన్నదాంతోనే వేషం వేద్దాం. మీ చేలో పత్తి ఉందిగా. పింగళి వెంకయ్యగారిది మన ఉమ్మడి కృష్ణా జిల్లానే, దివిసీమ వైపు భట్లపెనుమర్రు. 1876లో పుట్టారు. మన జగ్గయ్యపేట దాటి కోదాడ మీదుగా వెళ్తే వచ్చే నడిగూడెంలో, మునగాల జమీందారు దగ్గరుండి పత్తి మీద ప్రయోగాలు చేశారు. కంబోడియా పత్తి పండించి చూశారు. అందుకే ఆయన్ని పత్తి వెంకయ్య అన్నారు. జపాను భాష నేర్చుకున్నందుకు జపాన్ వెంకయ్య అని కూడా పిలిచేవారు. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాలప్పుడు గాంధీగారికి జెండా నమూనా ఇచ్చింది ఆయనే. అప్పుడు అందులో ఉన్న రంగులు ఎరుపు, ఆకుపచ్చ రెండే. తెలుపు ఆ తర్వాత చేరింది.

కాబట్టి నాన్న పాత తెల్ల పంచెలో ఒక ముక్క, తెల్ల చొక్కా, కండువా. ఒక చేతిలో కాయలు పగిలిన పత్తి కొమ్మ. రెండో చేతిలో వాడే రంగులేసిన ఎరుపు, ఆకుపచ్చ కాగితం. నాలుగు వాక్యాలు నేర్పు: "నా పేరు పింగళి వెంకయ్య. మాది భట్లపెనుమర్రు. పత్తి పండించాను కాబట్టి నన్ను పత్తి వెంకయ్య అన్నారు. గాంధీగారికి జెండా గీసి ఇచ్చాను." ఇవి వాడు గట్టిగా చెప్పగలిగితే చాలు. రోజూ పడుకునే ముందు ఒకసారి చెప్పించు, మర్చిపోతే అందించు. పట్టుచీర ఇంకెప్పుడూ కొయ్యకు.

ప్ర: కృష్ణుడి వేషానికి నెమలి ఈక కొంటే కేసు పెడతారని మా తోడల్లుడు భయపెడుతున్నాడు. నిజమేనా?
— నందిగామ

జ: నెమలిని చంపితే, పట్టుకుంటే 1972 వన్యప్రాణి చట్టం కింద శిక్ష తప్పదు. తనంతట తాను రాల్చిన ఈకకి దేశం లోపల ఆ అడ్డు లేదు. అట్ట మీద పిల్లల చేత గీయిస్తే ఇంకా మంచిది.

ప్ర: మా బుడ్డోడికి మూడేళ్లు. మీసం గీసి కిరీటం పెడితే గుక్కపట్టి ఏడుస్తున్నాడు. మా అత్తగారు "పట్టుకుని పెట్టెయ్, అదే అలవాటవుతుంది" అంటున్నారు.
— జగ్గయ్యపేట

జ: తీసెయ్యండి. అద్దంలో తన మొహం తనకే కొత్తగా కనబడితే ఆ వయసు పిల్లలకు నిజంగానే భయం వేస్తుంది. అత్తగారికి నా నమస్కారాలు చెప్పి, ఇంకో రెండేళ్లు ఆగమనండి. అన్నట్టు, కృష్ణుడని బట్టలకు పెట్టే నీలిమందు పిల్లల ఒంటికి పూసే తల్లులు ఇంకా ఉన్నారని విన్నాను. దయచేసి ఆ పని చెయ్యకండి. పాత రోజుల్లో నాటకాలవాళ్లు మొహానికి పసుపు రంగు రావాలని అరిదళం పూసుకునేవారు. అందులో ఉండేది ఆర్సెనిక్, విషం. ఆ తరం అలా గడిచిపోయిందని మన పిల్లల మీద ప్రయోగం చెయ్యనక్కర్లేదు. కొన్న రంగైనా సరే, ముందురోజు మోచేతి లోపలి పక్క చుక్క పెట్టి చూడండి. కాటుక మీసం, కుంకుమ బొట్టు చాలు.

ప్ర: మా వాడు కృష్ణుడి వేషం వేస్తే "కృష్ణుడిలా లేడు" అని పిల్లలంతా నవ్వారట. ఇంకెప్పుడూ వెయ్యనంటున్నాడు.
— కంచికచర్ల

జ: ఎన్టీ రామారావుగారు 1956లో "సొంతవూరు" సినిమాలో కాసేపు కృష్ణుడిగా కనిపిస్తే జనానికి నచ్చలేదు. ఆ మీదట "మాయాబజార్"లో కృష్ణుడు వెయ్యమంటే ఆయనే వెనకాడారు. దర్శకుడు కె.వి. రెడ్డిగారు ఒప్పించి, ఆ దుస్తుల మీద, నడక మీద ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టారు. 1957లో ఆ సినిమా వచ్చాక ఏమైందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఈ కథ మీ వాడికి చెప్పి, ఆ సినిమా చూపించండి.

ప్ర: మాది నందిగామ, ఇప్పుడు డాలస్‌లో ఉంటున్నాం. ఇక్కడ అక్టోబరు 31న హాలోవీన్‌కి పిల్లలు వేషాలేసుకుని ఇల్లిల్లూ తిరిగి చాక్లెట్లు తెచ్చుకుంటారు. కిందటి వేసవిలో ఇండియా వచ్చినప్పుడు మా నాన్నగారు మా అబ్బాయిని వేదాద్రి నరసింహస్వామి గుడికి తీసుకెళ్లి, ఆ గుడి కథ చెప్పారు. అప్పటి నుంచి వాడికి నరసింహస్వామి వేషమే కావాలి. ఈసారి ఎలాగో స్పైడర్‌మాన్‌తో సర్దిపెట్టాను. వచ్చే ఏడాదికి ఇప్పటి నుంచే పేచీ. దేవుడి వేషంలో చాక్లెట్లు అడగడం అపచారమని మా అత్తగారు. అసలు ఆ దయ్యాల పండగే వద్దని మా అమ్మ. నాకు కుట్టడం రాదు, కొంటే దొరకదు.
— ఒక తల్లి

జ: మీ అమ్మగారికి ముందు ఒక మాట. ఆ పండగ ఐర్లండు, స్కాట్లండు పల్లెల నుంచి అక్కడికి వలస వెళ్లినవాళ్లతో పోయింది. ఆ పల్లెల్లో పిల్లలు వేషాలేసుకుని ఇంటింటికీ వెళ్లి, ఒక పాటో పద్యమో వినిపిస్తే ఆపిళ్లో పప్పుగింజలో పెట్టేవారు. ఇది మనకు కొత్తా? మన తాతల కాలంలో దసరాకి వీధిబడి పిల్లలు కాగితప్పూల విల్లంబులు పట్టుకుని, అయ్యవారి వెంట ఇల్లిల్లూ తిరిగి దసరా పద్యాలు చదివేవాళ్లు. అయ్యవారికి రూపాయో అర్ధో, పిల్లలకు పప్పుబెల్లాలు. మనం మానేసింది అక్కడ మరో పేరుతో ఉంది. వెళ్లనివ్వండి.

నరసింహస్వామి విషయంలో మాత్రం నేను మీ అత్తగారి పక్షమే. అయితే కారణం వేరు. తంజావూరు దగ్గర మెలట్టూరులో వెంకటరామశాస్త్రిగారు తెలుగులో రాసిన ప్రహ్లాద నాటకం నేటికీ ఆడతారు. అక్కడ నరసింహుడి ముఖాన్ని గుడిలో ఉంచి పూజ చేస్తారు. అది పెట్టుకునే మనిషి ఉపవాసం ఉంటాడు. ఆ ముఖం వెనక అంత నిష్ఠ ఉన్నప్పుడు, చాక్లెట్ల సంచీతో రోడ్డు మీద తిప్పడం నా మనసుకు నచ్చదు. కానీ పిల్లాడికి కావాల్సింది ఏమిటి? వేదాద్రిలో తాత చెప్పిన కథ. ఆ కథలోనే ఇంకో దారి ఉంది. సోమకాసురుడు వేదాలు ఎత్తుకుపోతే స్వామి చేపగా వెళ్లి తెచ్చాడు. ఆ వేదాలే కొండై నిలిచాయని కదా వేదాద్రి స్థలపురాణం! వాణ్ని వేదాలు దొంగిలించిన సోమకాసురుణ్ని చెయ్యండి. రాక్షసుడి వేషానికి ఏ నిష్ఠా అక్కర్లేదు, ఆ పండక్కి సరిగ్గా సరిపోతుంది కూడా. నల్ల చొక్కా, కాటుక మీసాలు, నడుముకి మీ పాత చున్నీ, చంకలో నాలుగు కాగితపు చుట్టలు. సూది పట్టే పనే లేదు. ఎవరైనా "నువ్వెవరు?" అంటే "వేదాలు దొంగిలించిన రాక్షసుణ్ని, చేప నా వెంట పడింది" అని ఇంగ్లీషులో చెప్పనివ్వండి, తాతకి ఫోనులో తెలుగులో చెప్పించండి. చెల్లెలు ఉంటే చేప వేషం ఆమెకే. చిన్న చేపపిల్లగా చేస్తే దేవుణ్ని తిప్పినట్టు ఉండదు.

మొహానికి ముసుగు వద్దు, కళ్లకు అడ్డమొస్తుంది. చీకట్లో కార్ల వెలుగుకి మెరిసే పట్టీ ఒకటి వీపున అంటించండి. నల్లబట్ట అసలు కనబడదు.

ప్ర: కార్తీక పౌర్ణమికి వేదాద్రి రేవులో దీపాలు వదలడానికి వెళ్లాం. మా పాపకి స్కూల్లో ఏంజెల్ వేషానికి కొన్న నెట్ గౌనే వేశాను. అంచు దీపానికి తగిలి భగ్గున అంటుకుంది. మా ఆయన వెంటనే నదిలో ముంచేశారు కాబట్టి కాలి మీద చిన్న బొబ్బతో పోయింది. దిష్టి తీయించమని మా అమ్మ అంటోంది.
— పెనుగంచిప్రోలు

జ: తీయించండి, అమ్మ మనసు కుదుటపడుతుంది. ఆ గౌను మాత్రం మళ్లీ మంట దగ్గరకి తేకండి. అంటుకుంది పాలియెస్టర్ నెట్టు. పలచటి వల కాబట్టి గాలి బాగా ఆడి చప్పున మండుతుంది, కరిగి ఒంటికి అతుక్కుంటుంది. 2014లో బ్రిటన్‌లో ఒక టీవీ వ్యాఖ్యాత కూతురికి హాలోవీన్ డ్రస్సు ఇలాగే కొవ్వొత్తి తగిలి అంటుకుంది. కాళ్లు బాగా కాలిపోయి ఆసుపత్రి పాలైంది. అక్కడ దాని మీద పెద్ద చర్చ జరిగి, వేషాల బట్టల మంట పరీక్షలు కఠినం చేయాలని పట్టుబట్టారు. మన సంతల్లో అమ్మే ఏంజెల్ గౌన్లకు ఏ పరీక్ష జరిగిందో ఎవరైనా అడుగుతున్నారా?

మీ ఆయన చేసింది సరైన పని. కాలిన చోట ఇరవై నిమిషాల పాటు మామూలు నీళ్లు ధారగా పొయ్యాలి. పేస్టు, ఇంకు, వెన్న పెట్టకూడదు. సంక్రాంతి వస్తోంది. భోగిమంట చుట్టూ తిరిగే పిల్లలకు నూలు బట్టలు ఒంటికి అతికినట్టుండేవి వెయ్యండి. పరికిణీ అయితే కుచ్చెళ్లు పైకి దోపండి.

ప్ర: ఆగస్టు 15కి జెండానే లంగాగా కుట్టొచ్చా?
— చిల్లకల్లు

జ: కుట్టకూడదు. జెండాని నడుము కింద బట్టగా కడితే 1971 చట్టం కింద నేరం. పిల్లల చేతికివ్వండి.

ప్ర: నేనొక ప్రైవేటు బడిలో టీచర్ని. ఫ్యాన్సీ డ్రస్ అనగానే తల్లిదండ్రులు మా మీద విరుచుకుపడుతున్నారు. ఫోటోలు బాగా వస్తేనే అడ్మిషన్లు వస్తాయని మేనేజ్‌మెంటు. మధ్యలో మేము నలుగుతున్నాం.
— నందిగామ

జ: అమ్మా, మీ కష్టం తెలుసు, జీతం కూడా తెలుసు. అయినా ఈ పేజీలో మొదటి ఉత్తరం ఒకసారి చదవండి. ఆ మెసేజ్ పంపింది మీలాంటి ఒక టీచరమ్మే, ఎవరో పంపమంటే. మీ చేతిలో రెండు పనులున్నాయి. కబురు పదిహేను రోజుల ముందు పంపడానికి మేనేజ్‌మెంటుకి పైసా ఖర్చు కాదు, అడగండి. బహుమతి మార్కులు బట్టకి తీసేసి మాటకి వెయ్యండి, అద్దె డ్రస్సులు రెండేళ్లలో అవే తగ్గిపోతాయి. మన చిన్నప్పుడు ఏకపాత్రాభినయం అనేవాళ్లు. తువ్వాలు భుజాన వేసుకుని దుర్యోధనుడైపోయిన పిల్లలు ఈ జిల్లాలో ఎందరో. దాన్ని మీ బడిలో మళ్లీ మొదలుపెట్టండి. జనవరి 26 ఎంతో దూరం లేదు. ఈ సోమవారమే గ్రూపులో రాయండి: అద్దె డ్రస్సులు వద్దు, ఇంట్లో ఉన్నవే వాడండి, నాలుగు వాక్యాలు నేర్పండి అని.